నీళ్ళు లేని కూలర్

ఏప్రిల్ 19, శనివారం

హార్డ్ డిస్కు ఒకటి పోయింది. పొద్దున్నుంచి మా ఆయన దాన్ని చెవికి ఆనించుకుని వింటున్నాడు. లోపల ఏదో టక్ టక్ అని కొట్టుకుంటోంది. కాసేపు ఆపుతాడు, మళ్ళీ వైరు తగిలిస్తాడు, మళ్ళీ వింటాడు. అన్నం చల్లారిపోయింది.

"ఏమైందట?" అని అత్తమ్మ నన్ను అడిగింది. ఎదురుగా కొడుకు ఉన్నాడు, అతన్నే అడగొచ్చు. ఆ ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదేమో.

"వేడికి పోయిందట అత్తమ్మా."

"పోదా మరి. గీ రేకుల కింద మనమే ఉడికిపోతానం."

శివనగర్‌లో మాది మేడ మీద రేకుల ఇల్లు. ముందు గదిలో ఆయన మిక్సింగ్ పని, వెనక గదిలో మేము. ఊళ్ళలో ఫోటోగ్రాఫర్లు పెండ్లి వీడియోలు తెచ్చి ఇస్తారు. ఈయన వాటిని కోసి, అతికించి, పాటలు వేసి క్యాసెట్ చేసి ఇస్తాడు. క్యాసెట్లు ఎప్పుడో పోయాయి గానీ అందరూ ఇంకా క్యాసెట్ అనే అంటారు. పని అయ్యాక మిగతా మిక్సింగ్ వాళ్ళు అన్నీ తుడిచేస్తారట. ఈయన తుడవడు. అందుకే డిస్కుల మీద డిస్కులు. సీపీయూ డబ్బాలో రెండే పడతాయి. మిగతావి పక్కన చెక్క పలక మీద ఇటుకల్లా పేర్చి, డబ్బా మూత తీసేసి, వైర్లు బయటికి లాగి పెట్టాడు. చీపురు తగులుతుందేమోనని నేను అక్కడ ఊపిరి బిగబట్టి ఊడుస్తాను.

ఇవాళ అటు ఊడవలేదు.

ఏప్రిల్ 21

ఈయన మాట్లాడటం లేదు. నా మీద కోపం కాదు. నా మీద ఎందుకు ఉంటుంది.

ఏప్రిల్ 24, గురువారం

మొండయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. పర్వతగిరి అవతల ఊరు. తమ్ముడు కొమురయ్య చనిపోయి వారం కాలేదు.

మా ఇంటికి ఇలాంటి పని మీద వస్తూనే ఉంటారు. ఎవరైనా పోతే దినాలకు ఫ్లెక్సీ కొట్టించాలి. దానికి మంచి ఫోటో కావాలి. పొలం పని చేసుకునే వాళ్ళకు మంచి ఫోటో ఎక్కడిది? ఎవరిదో పెండ్లిలోనే కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కనబడతారు. మా పెండ్లి అయిన కొత్తలో రాయమల్లు అని ఒకాయన, చనిపోయిన తన భార్య ముఖం కోసం వచ్చాడు. ఈయన రెండు రోజులు వెతికి, పసుపు కొట్టే దగ్గర ఆమెను పట్టుకున్నాడు. అప్పటి నుంచి ఒక్క వీడియో కూడా తుడవడం లేదు.

మొండయ్యకు కావలసింది తమ్ముడి బిడ్డ పెండ్లి. అది పోయిన డిస్కులోనే ఉంది.

"మీకు పెన్‌డ్రైవ్ ఇచ్చిన గదా కాకా అప్పుడు" అన్నాడు ఈయన.

"ఇచ్చినవు కొడుకా. పోరగాండ్లు అండ్ల సినిమాలు ఎక్కిచ్చుకున్నరు."

"ఇంట్ల ఫోటో ఏది లేదా?"

"ఆధార్ కార్డుది ఉన్నది. గది మా తమ్ముని లెక్క లేదు. దొంగ లెక్క ఉన్నడు."

నాకు నవ్వొచ్చింది, లోపలికి వచ్చేశాను. నవ్వాల్సింది కాదు. తలుపు చాటు నుంచి చూస్తే ఈయన పోయిన డిస్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. హనుమకొండలో ఇద్దరికి చూపించాను, హైదరాబాద్‌కు ఫోన్ చేశాను, ఎవరూ తీయలేమంటున్నారని చెప్పాడు. మొండయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లనే ఉన్నడా?"

"ఉన్నడు కాకా. తియ్యరాదు."

ఆయన డిస్కును రెండు చేతులతో తిరిగి ఇచ్చి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. తిట్టి పోయినా బాగుండేది.

సాయంత్రం ఈయన ఓంప్రకాశ్‌తో ఫోన్‌లో మాట్లాడాడు. ఓంప్రకాశ్ ఈయన దోస్తు, హైదరాబాద్‌లో ఏదో ఛానెల్‌లో చేస్తాడు. ఫోన్ పెట్టి అత్తమ్మతో చెప్పాడు. "ఇంకొక్కటి పోయిందనుకో, అన్ని తుడిచి అమ్మేస్త. ఓంప్రకాశ్ రమ్మంటాండు. మనం గూడ పోదాం."

నాకు హైదరాబాద్ అయితే ఏంటి, ఎక్కడైనా ఒకటే. అక్కడ కూడా నల్లా వస్తుంది, కూరగాయలు దొరుకుతాయి. మనుషులే ఎవరూ తెలియరు. ఇక్కడ మాత్రం నేను ఎవరితో మాట్లాడుతున్నాను గనక.

ఏప్రిల్ 28, సోమవారం

"నువ్వు గూడ రా" అన్నాడు. బండి వెనక డబ్బా పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, అందుకే అయి ఉంటుంది.

డిస్కులన్నీ పట్టే డబ్బా కొందామని హనుమకొండకు పోయాము. షాపు వాళ్ళు దాన్ని క్యాబినెట్ అంటారు. లోపల ఏసీ. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. గోడ పొడుగూ క్యాబినెట్లు, అన్నిటికీ ముందు అద్దం, అద్దం వెనక లైట్లతో తిరిగే ఫ్యాన్లు. బతుకమ్మ పండుగకు వీధిలో కట్టే సీరియల్ లైట్లలా ఉన్నాయి. ఒకటి నాకు చాలా నచ్చింది. నీలం నుంచి మెల్లగా గులాబీకి మారుతోంది.

ఆయన దాని పక్క మూత తీయించి లోపల చెయ్యి పెట్టి తడిమాడు.

"హార్డ్ డిస్కులు ఏడ పెట్టాలె తమ్మీ?"

"కింద జాగ ఉన్నదన్నా. రెండు పెట్టచ్చు."

"నాకు పదకొండున్నయి."

షాపతను నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "ఇప్పుడు గిన్ని ఎవలు పెడుతున్నరన్నా? అందరు నెట్ల పెట్టుకుంటున్నరు. గీ డబ్బలన్ని గేములాడే పోరగాండ్ల కోసం వచ్చినయి."

"మా తాన నెట్ సక్కగుంటె నేను గూడ గట్లనే పెడుదు."

అప్పుడు షాపతను ఫోన్‌లో ఇంకొకటి చూపించాడు. నల్లటి ఇనప డబ్బా. అరలు అరలుగా ఉంది, ఒక్కో అరలో ఒక్కో డిస్కు, ముందు రెండు ఫ్యాన్లు. అద్దం లేదు, లైటు లేదు. కోళ్ళ గూడులా ఉంది. ఈయన ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయాడు. పెండ్లిచూపుల్లో నన్ను కూడా అంతసేపు చూడలేదు. అది ఆర్డర్ పెడితే బయటి నుంచి రావాలట. ధర విన్నాక ఈయన మంచినీళ్ళు అడిగి తాగాడు.

"పోనీ గీ లైట్లదే తీసుకుందామా? రెండు లోపల, మిగిలినయి బయటనే." నన్నే అడిగాడు. షాపతను కూడా నా వైపు తిరిగాడు. ముందంతా అద్దమే కదా, గాలి ఎటు నుంచి పోతుంది అని నాకు అనుమానం. నోటి దాకా వచ్చింది.

"నీ ఇష్టం బావా" అన్నాను.

ఏమీ కొనకుండా వచ్చేశాము. దారంతా ఆ మాట నోట్లోనే ఉంది. ఏడో తరగతి దాకా సార్లు ఏం అడిగినా నాకు ఇంతే. జవాబు తెలుసు, లేచి నిలబడేసరికి గొంతు ఉండదు.

మే 2

మధ్యాహ్నం ఆయన కిందికి పోయినప్పుడు డిస్కుల మీద చెయ్యి పెట్టి చూశాను. నడి మధ్యలోది చురుక్కుమంది. టేబుల్ ఫ్యాను వెనక గది నుంచి తెచ్చి దాని ముందు పెట్టాను. అత్తమ్మ విసనకర్ర తీసుకుంది. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

మే 5, సోమవారం

ఇవాళ మాట్లాడాను.

అత్తమ్మ మందులకని ఇద్దరం మండిబజారు వైపు పోయాము. అక్కడ ఒక షాపు ముందు కొత్త కూలర్లు రోడ్డు మీదికి వరుసగా పెట్టి ఉన్నాయి. ఇంకా గడ్డి పెట్టలేదు. గడ్డి పెట్టకముందు కూలర్ అంటే ఏముంది, రేకు డబ్బా, మూడు పక్కల జాలీ, ముందు ఫ్యాన్. ఫోన్‌లో చూసిన కోళ్ళ గూడు గుర్తొచ్చింది.

"బావా, గది..."

"ఏంది?"

"అండ్ల పడతయి గదా అన్ని."

"ఏంటియి?"

"డిస్కులు."

బండి ఆపలేదు. నాకు సిగ్గేసింది, అనవసరంగా అన్నాననుకున్నాను. చౌరస్తా దాకా పోయి బండి వెనక్కి తిప్పాడు.

షాపాయన పేరు బాబా మియా. తెల్ల గడ్డం, నేల మీద కూర్చుని రేకు కోస్తున్నాడు.

"చాచా, నీళ్ళు లేని కూలర్ కావాలె" అన్నాడు ఈయన.

"గట్లయితె ఫ్యాన్ కొనుక్కో బేటా. సస్తల పోతది."

ఈయన జేబులోంచి పోయిన డిస్కు తీసి చూపించాడు. ఇలాంటివి పదకొండు, అరల్లో కూర్చోవాలి, ఒకదానికి ఒకటి తగలొద్దు, మధ్యలోంచి గాలి పోవాలి, కంప్యూటర్ సామాను కూడా లోపలే పై భాగాన బిగించాలి అని చెప్పుకొచ్చాడు. అన్ని మాటలు ఈ మధ్య ఇంట్లో వినలేదు.

బాబా మియా డిస్కును తిప్పి చూశాడు. "గింత డబ్బిల ఏమున్నది?"

"పెండ్లిళ్ళు చాచా."

"ఎన్ని పెండ్లిళ్ళు?"

"మస్తుగ."

"మరి గంతమందికి ఒక్క ఫ్యాన్ సాల్తదా?"

ఈయన నవ్వలేదు గానీ పెదవి కదిలింది. నేను చూశాను. తర్వాత బాబా మియా నా వైపు తిరిగి "ఎవల అకల్ ఇది, ఈ తెలివి నీదా బేటీ?" అన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "ఆమెదే" అన్నాడు ఈయన.

"ఫికర్ నక్కో. చేసిస్త. నా జిందగీల నీళ్ళు లేని కూలర్ చెయ్యలే, గిదొకటి సూద్దాం."

మందులు మరిచిపోయి వచ్చాము. మళ్ళీ ఈయన ఒక్కడే పోయి తెచ్చాడు.

మే 9, శుక్రవారం

కూలర్ ఆటోలో వచ్చింది. ఎక్కించడానికి కింద ఉండే ఇంటి ఓనర్ కొడుకు కూడా చెయ్యి వేశాడు. ముందు గదిలో సగం అదే ఉంది.

బాగా చేశాడు బాబా మియా. లోపల రెండు వరుసల ఇనప పట్టీలు, పైన కంప్యూటర్ సామానుకు పలక. పంపు తీసేశాడు, గడ్డి బదులు సన్న జాలీ కొట్టాడు. పక్కన నీళ్ళు పోసే చిన్న తలుపు మాత్రం ఉంచేశాడు. అది తీసేస్తే మూతి లేని మొఖంలా ఉంటుందన్నాడట.

ఇనుముకు ఇనుము తగిలి డిస్కులు గడగడమంటున్నాయి. కింద రబ్బరు వేయాలన్నాడు ఈయన. పాత హవాయి చెప్పులు తెచ్చి కోయబోయాడు. అత్తమ్మ గుంజుకుంది.

"చెప్పులు పెడతావురా అండ్ల? దసరనాడు దానికే బొట్టు పెడితివి. అది సరస్వతి గాదా?"

సైకిల్ ట్యూబు తెప్పించి ముక్కలు కోసి వేశాము. అత్తమ్మ రేకు మీద పసుపు రాసి బొట్టు పెట్టింది. స్విచ్ వేశాక వెళ్ళి దాని ఎదురుగా కూర్చుంది. రెండు నిమిషాలకు లేచింది.

"ఏం కూలర్‌రా ఇది, సెగ కొడతాంది."

"అండ్ల వేడంత బయటికి తోస్తాంది అవ్వా. గది మనకు కాదు, డిస్కులకు."

"మనుషులకు లేని కూలర్ డబ్బలకు. మంచిగున్నది."

సాయంత్రం చెయ్యి పెట్టి చూశాను. చల్లగా అనలేను గానీ మనిషి ఒళ్ళులా ఉంది. ఈయన కూడా పెట్టి చూశాడు. మా చేతులు ఒకే అరలో ఉన్నాయి కాసేపు.

మే 14

అమ్మ రేపు వస్తోంది నెక్కొండ నుంచి. ముందు గది కడిగాను. ఓంప్రకాశ్ మళ్ళీ ఫోన్ చేశాడు, ఈ నెలాఖరుకు చెప్పమన్నాడట. ఈయన చూద్దాం అన్నాడు. కాదు అనలేదు.

మే 16, శుక్రవారం

నిన్న రాయలేదు.

అమ్మ పొద్దుటి రైలుకు వచ్చింది, సంచి నిండా మామిడికాయలతో. మా అమ్మ మొగిలమ్మ ఎక్కడికి పోయినా చేతులు ఊరికే ఉంచుకోదు. వచ్చిన గంటలో గిన్నెలు తోమింది, అత్తమ్మ వద్దంటున్నా ఆమె చీర ఉతికింది.

ఈయన నర్సంపేటకు పోయాడు, ఒక ఫోటోగ్రాఫర్ దగ్గర పెండ్లి వీడియోలు తేవడానికి. పోయే ముందు ఒక క్యాసెట్ తయారవడానికి పెట్టి, సాయంత్రం దాకా నడుస్తుంది, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. నాతో అన్నాడు. అమ్మతో అనలేదు. నేనూ అనలేదు.

అన్నాలయ్యాక అత్తమ్మ వెనక గదిలో ఒరిగింది. అమ్మకు ముందు గదిలో చాప వేసి నేను తాగే నీళ్ళు తేవడానికి కిందికి దిగాను. డబ్బా నింపుకుని పైకి వస్తుంటే మెట్ల మీద నీళ్ళు. మా గడప కింద నుంచి వస్తున్నాయి. నల్లా కట్టేయలేదేమో అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే కాళ్ళు పరుగెత్తాయి.

అమ్మ కూలర్ పక్కన నిలబడి ఉంది, చంకలో బిందె. చిన్న తలుపు తెరిచి ఉంది.

"అమ్మా, ఏం చేసినవే?"

"కూలర్ల సుక్క నీళ్ళు లేవు బిడ్డా. ముందట పండుకుంటె సెగ కొడతాంది. ఉత్తగ తిరిగితె మోటర్ కాలిపోదా? మూడు బిందెలు పోసిన, నిండుతనే లేదు. గిదేం కూలర్ కొన్నడే మా అల్లుడు."

గోడకున్న ప్లగ్గు పీకేశాను. చెయ్యి తడిగా ఉందో లేదో కూడా చూసుకోలేదు. ఫ్యాను ఆగింది. లోపల డిస్కులు ఒక్కొక్కటిగా సద్దుమణిగిన చప్పుడు వినబడింది. అక్కడే నీళ్ళలో కూర్చున్నాను. ఇంకొకటి పోతే అన్నాడు కదా. పదకొండు ఉన్నాయి లోపల. కూలర్‌లో పడతాయి అన్నది నేనే. ఇంట్లోకి తెచ్చి పెట్టించింది నేనే, నీళ్ళు పోసింది మా అమ్మ.

ఏమైందో అమ్మకు చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. అమ్మ బిందె కింద పెట్టి గోడకు ఆనుకుంది. "అల్లుడేమంటడే" అని ఒక్కటే మాట. మా అమ్మ ముఖం అలా ఎప్పుడూ చూడలేదు.

చప్పుడుకు అత్తమ్మ లేచి వచ్చింది. గడపలో నిలబడి నీళ్ళను, బిందెను, మా ఇద్దరినీ చూసింది. నేను తల వంచుకున్నాను. ఇప్పుడు తిట్టడం మొదలు పెడుతుంది, అమ్మ ముందే మొదలు పెడుతుంది అనుకున్నాను.

"ఫోన్ ఇటియ్యి" అంది.

ఆయనకు చేసింది. "భానూ, కూలర్ల నీళ్ళు పడ్డయిరా. నేనే పోసిన. ఆ, నేనే. పిల్ల ప్లగ్గు తీసేసింది. జల్ది రా." పెట్టేసింది.

"వదినె, పోసింది నేను గదా" అంది అమ్మ.

"సుట్టమొచ్చినోల్ల మీద చెప్తమా? నా కొడుకు, నన్నంటె నేను పడత. లే, గుడ్డ పట్టు."

ముగ్గురం కలిసి నీళ్ళు ఎత్తాము. అత్తమ్మ నా వైపు చూడలేదు. నేను మాత్రం చూశాను.

ఈయన వచ్చేసరికి పొద్దు వాలింది. వస్తూనే టార్చి వేసి లోపలికి చూశాడు. ఒక్కో డిస్కు ఊడదీసి, తుడిచి, మంచం మీద పాత దుప్పటి పరిచి వరుసగా పెట్టి టేబుల్ ఫ్యాను తిప్పాడు. అన్నం వద్దన్నాడు. అమ్మ కూడా తినలేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ బిగించాడు. మేము ముగ్గురం వెనక గది గడపలో నిలబడ్డాము. స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మీద ఒక గీత వచ్చింది, దాని కింద ఇంకొకటి, ఒక్కో డిస్కుకు ఒక్కో గీత. ఈయన వేలు పెట్టి లెక్క పెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టాడు.

"అన్ని ఉన్నయి" అన్నాడు.

కూలర్ అడుగున నీళ్ళు వదిలే రంధ్రం ఒకటి ఉంటుంది. నీళ్ళే పోయని దానికి బిరడా ఎందుకని బాబా మియా పెట్టలేదు. అమ్మ పోసింది పోసినట్టే అడుగు నుంచి గడప దాకా పోయింది. కింది వరుస మీద నాలుగు చుక్కలు చిందాయి, అంతే.

"అవ్వా, నీళ్ళెందుకు పోసినవే?" అని అడిగాడు.

అత్తమ్మ తడుముకోలేదు. "దానికి దూపైతాందేమో అనుకున్న."

ఈయన అత్తమ్మను చూశాడు. మా అమ్మ గోడ వైపు చూస్తోంది. ఈయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలు పెట్టాడు. ఆగలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. అత్తమ్మకు కూడా పట్టుకుంది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నేను అడగలేదు.

అమ్మను రైలు ఎక్కించి వచ్చాక నాతో మెల్లగా అన్నాడు. "మా అవ్వకు నడుము నొస్తె చెంబు గూడ వంగి తియ్యదు. మూడు బిందెలు మోసిందట."

"మరి అడగలేదేం?"

"ఆమెకు తన మీద చెప్పుకోబుద్ధైంది. మనకెందుకు."

మే 18, ఆదివారం

డిస్కులు తిరుగుతున్నాయి గానీ లోపల ఏమైనా చెడిపోయిందేమో ఒక్కో వీడియో తెరిచి చూడాలట. ఈయన ఒక్కడి వల్ల కాదు. "నువ్వు కూసొని సూడు. ఏడన్న ఆగిపోతె, గీతలొస్తె నాకు చెప్పు" అని తన కుర్చీ నాకు ఇచ్చాడు.

నిన్నా ఇవాళా పెండ్లిళ్ళే చూశాను. ఎక్కడా ఆగలేదు. ముఖాలు తెలియవు గానీ మనుషులు తెలిసినట్టే ఉంది. ప్రతి పెండ్లిలో ఒక ముసలామె కెమెరాను చూసి ముఖం తిప్పుకుంటుంది. ఆమె కూడా నాలాంటిదే అనుకున్నాను.

మధ్యాహ్నం పర్వతగిరి వైపు పెండ్లి ఒకటి నడుస్తోంది. అటు వైపు ఊళ్ళ పెండ్లిళ్ళన్నీ రాంప్రసాద్ అనే ఫోటోగ్రాఫరే తీస్తాడు. భోజనాల దగ్గర ఒక మనిషి బకెట్ పట్టుకుని కూర వడ్డిస్తున్నాడు. మొండయ్య ఇక్కడున్నాడేంటి అనుకున్నాను. ఆయనే, కానీ చిన్నవాడు. జుట్టు నల్లగా ఉంది. అవే చెవులు, అలాగే భుజాన తువ్వాల. ఎవరో వద్దంటూ విస్తరి మీద చెయ్యి పెడితే "తిను, ఇంక జర తిను, నీ ఇంట్ల వండింది గాదు" అంటున్నాడు.

వీడియో ఆపాను. కొమురయ్యేనేమో. తప్పయితే? మొండయ్యను ఒక్కసారే చూశాను, అదీ తలుపు చాటు నుంచి. ఈయన పక్కనే వైర్లు సర్దుతున్నాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, షాపులో నిలబడ్డట్టే.

"బావా, ఇటు రా" అన్నాను.

వచ్చి చూశాడు. ముందుకు వంగి చూశాడు. దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు.

"ఒక్క బిడ్డ పెండ్లిల్నే ఉన్నడనుకున్న" అన్నాడు. "ఊర్ల పెండ్లంటె ఊరంత ఉంటది గదా. నాకు తెల్వదా అది?"

అక్కడి నుంచి ఇద్దరం ఆ ఊరి పెండ్లిళ్ళన్నీ తీశాము. బారాత్‌లో ఒకసారి దొరికాడు, పందిరి కింద ఒకసారి. బకెట్‌తో ఉన్నదే బాగుంది.

మే 21, బుధవారం

ఈయన ఫోన్ చేసి పిలిస్తే మొండయ్య వచ్చాడు. ఏమో అనే వచ్చినట్టున్నాడు, చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఫ్లెక్సీ ఆ ఆధార్ ఫోటోతోనే కొట్టించారట. గాలికి చినిగింది, పీకేశాము అన్నాడు.

కుర్చీ వేసి కూర్చోబెట్టి ఈయన వీడియో పెట్టాడు. నేను ఈసారి తలుపు చాటుకు పోలేదు. చాయ్ పట్టుకుని అక్కడే ఉన్నాను.

తమ్ముడు బకెట్‌తో వచ్చాడు, వంగాడు, ఇంక జర తిను అన్నాడు, ముందుకు పోయాడు. మొండయ్య కదల్లేదు.

"మల్ల పెట్టు కొడుకా."

మళ్ళీ పెట్టాడు. మూడోసారి పెట్టాక ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తిరిగి చూస్తే నవ్వుతున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు.

"ఇంట్ల ఎన్నడు గిలాస నీళ్ళు ముంచుకొని తాగలేదు బిడ్డా వీడు" అని నాతో అన్నాడు. "పరాయోల్ల పెండ్లిల సూడు, ఎట్ల ఉరుకుతాండో. మా మరదలు సూడాలె ఇది. తిడతది వీన్ని."

"ఫోన్ల ఎక్కిచ్చిన కాకా. పోరగాండ్లకు ఇయ్యకు" అన్నాడు ఈయన.

"ఇయ్య."

చాయ్ తాగాడు. పోయేటప్పుడు కూలర్‌ను చూసి "మంచి కూలర్ తెచ్చిండ్రు" అన్నాడు. అత్తమ్మ వెనక గది నుంచి "నీళ్ళు మాత్రం పొయ్యకు" అని కేక వేసింది. ఆయనకు అర్థం కాలేదు.

ఆయన మెట్లు దిగాక ఈయన ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశాడు. "లేదురా, నేను రాను. ఈడ పనున్నది. ఆ, మస్తున్నది" అన్నాడు. నేను విననట్టు చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. షాపు బియ్యంలో ఇప్పుడు రాళ్ళెక్కడివి. అయినా చాలాసేపు ఏరాను.